లేమని చెప్పుకున్న గల్లీ

ఓటర్ల లిస్టు బడి గోడకు అతికించారంటే నేను వెళ్లి చదవాల్సిందే. మా కోడలికి అది నవ్వులాట. "పెండ్లిపత్రికల పేరు చూసుకున్నట్టు చూసుకుంటవేంది అత్తమ్మా?" అంటుంది. నవ్వితే నవ్వనీ. యాభై దాటాక అక్షరాలు నేర్చినదాన్ని. ఆధార్ కార్డులో నా పేరు ఉంది గానీ, ఆ కార్డు ఇనుప పెట్టెలో చీరల కింద ఉంటుంది. లిస్టు అలా కాదు. అది గోడ మీద, పదిమంది కళ్ల ముందు ఉంటుంది. మా ఆయన పేరు పక్కన నా పేరు, వయసు, ఇంటి నంబరు. ఆయన పోయాక ఆ పేరు తీసేశారు, నాది మిగిలింది. ఒకటీ రెండూ అంటూ వేలు పెట్టి చదువుకుంటూ పోయి, నా పేరు దగ్గర ఆగి, ఇంటికి వచ్చేదాన్ని. దానికంటే ఎక్కువ పని నాకు ఆ గోడతో ఉండేది కాదు.

ఈసారి లిస్టు కొత్తగా సరిచేశారంటే వెళ్లాను. పేరు దగ్గరికి వేలు చేరింది. పేరు ఉంది. దాని మీద అడ్డంగా ఒక ముద్ర ఉంది. తీసేశాం అని. కింద మా కోడలి పేరు, దాని మీదా ముద్ర. కొడుకు పేరు మీదా ముద్ర. పేజీ తిప్పినట్టు పక్క కాగితానికి వెళ్లాను. మా గల్లీ గల్లీ మొత్తం ముద్రల కింద పడి ఉంది. పక్కన వేరే కాగితం మీద కారణం రాశారు: నివాసం మారారు.

నేను ఎక్కడికీ మారలేదు. పాలమూరు జిల్లా నుంచి పెళ్లయి వచ్చిన నాటి నుంచీ నాంపల్లిలో ఆ గల్లీలోనే ఉన్నాను. మా గల్లీ అంతా కుట్టుపని వాళ్లమే. ముందు గదిలో మిషన్లు, వెనక గదిలో సంసారాలు. అబిడ్స్ దుకాణాల్లో అద్దాల వెనక వేలాడే చొక్కాల్లో సగం మా దగ్గర కుట్టినవే. నా పని కాజాలు, గుండీలు, అంచులు. పొద్దున దుకాణానికి వెళ్లి చొక్కాల కట్ట తెచ్చుకోవడం, కుట్టి సాయంత్రానికి ఇచ్చి రావడం. దారాలు అయిపోతే అఫ్జల్‌గంజ్. అంతే నా ప్రపంచం, అది చాలా పెద్దది కూడా.

ఓటుకూ నా అక్షరాలకూ ఒక సంబంధం ఉంది, అది చెప్పాలి. వెనకటికి ఒకసారి ఓటు వేయడానికి వెళ్తే, సంతకం రాదన్నానని రిజిస్టరులో బొటనవేలి ముద్ర వేయించారు. రిజిస్టరు ముందు కూర్చున్న పెద్దమనిషి నా వేలు పట్టుకుని, పసుపు అద్దినట్టు సిరా డబ్బాలో గట్టిగా అద్దాడు. వేలు తుడుచుకున్నాననే అనుకున్నాను. ఇంటికి వచ్చి కాజాలకు కూర్చున్నాను. చేతిలో ఉన్నది ఒక పెళ్లికొడుకు తెల్ల చొక్కా. జేబు మీద ఊదారంగు బొటనవేలు తేలింది. నిమ్మకాయ రుద్దాను, సబ్బు రుద్దాను, చివరికి ఏడ్చాను. పోలేదు. దుకాణం సేటు దాన్ని వెలుతురుకు పట్టుకుని చూసి, "ఓటు డబ్బాల ఏసినవా, నా అంగీ మీద ఏసినవా?" అన్నాడు. దుకాణమంతా నవ్వింది. ఆ రోజే నిశ్చయించుకున్నాను, ఇంకోసారి నా వేలు ఎవరి చేతికీ ఇవ్వనని.

పక్క వీధి సర్కారు బడిలో పనిచేసే టీచరమ్మ ఒకామె నా దగ్గర జాకెట్లు కుట్టించుకునేది. "నువ్వు నాకు అక్షరాలు చెప్పు, నీ జాకెట్లకు హుక్కులు జన్మలో ఊడకుండా కుడత" అన్నాను. ఒప్పుకుంది. పలక కొనలేదు. కటింగ్ బల్ల మీద నల్లబట్ట పరిచి, గీతలు గీసే సుద్దతో రాసేదాన్ని. తప్పు రాస్తే అరచేత్తో ఒక్క దెబ్బ, బట్ట మళ్లీ నల్లగా. ఏడాదిన్నర పట్టింది. ఆ తర్వాతి ఎన్నికలకు వెళ్లి, స్టాంపు ప్యాడు ముందుకు తోసిన మనిషికి దాన్ని వెనక్కి తోసి, కలం అడిగాను. వెనక లైను గొణిగింది. గొణగనీ అని నా పేరు మొత్తం రాశాను, ఇంటిపేరుతో సహా.

ఇప్పుడు ఆ పేరు మీద ముద్ర.

లిస్టు చూసిన మర్నాడే ఓటర్ల పని చూసే ఆఫీసుకు వెళ్లాను. అక్కడ ఓటర్ల లెక్క కోసం మా వైపు ఇళ్లు తిరిగే అంగన్‌వాడీ టీచరు ఉంది. చిన్నపిల్ల, మా కోడలి వయసు. ఎండకు మొహం నల్లబడి ఉంది. నేను గొంతు పెంచేలోపే ఆమె పెంచింది.

"అవ్వా, మూడుసార్లు వచ్చిన మీ గల్లీకి. మూడుసార్లు! నేను అడుగు పెట్టంగనే ఏదో టంగుటంగు అని సప్పుడయితది. మిషన్లన్నీ బందయితయి. ఒక్క తలుపు తీయరు. మీ ఇంట్ల ఒకామె కిటికీలకెల్లి 'ఖాళీ చేసి పోయిన్రు' అన్నది. ఏడికి పోయిన్రమ్మా అంటే తెల్వదన్నది. మరి నేనేం రాయాలె?"

నేను దుకాణాలకు పోయిన పూటల్లో వచ్చి ఉంటుంది. ఆ టంగుటంగు ఏమిటో నాకు తెలుసు. కిటికీలోంచి మాట్లాడింది ఎవరో కూడా తెలుసు.

ఇప్పుడు నా తప్పు చెప్పుకోవాలి. చాలా ఏళ్ల కిందట, ఇంటి మీటరు మీద మోటారు మిషన్లు నడుపుతున్నారని ఒకాయన కాగితాల అట్ట పట్టుకుని గల్లీకి వచ్చాడు. నేను వాకిట్లో కూర్చుని ఉన్నాను. ఏం చేయాలో తోచక "గిక్కడెవరుంటలేరు సారూ, అందరూ ఖాళీ చేసి పోయిన్రు, గోదాములు గివి" అన్నాను. అతను అటూ ఇటూ చూసి వెళ్లిపోయాడు. ఆ రోజు గల్లీలో నన్ను దేవతను చేశారు. ఆ తర్వాత అదే మా పద్ధతి అయింది. అట్ట, కలం పట్టుకున్న మనిషి మలుపు తిరిగితే చాలు, మొదటి ఇంటి వాళ్లు కత్తెర పిడితో ఇనుప గేటు మీద మూడు దెబ్బలు కొట్టాలి. మిషన్లు ఆగాలి. తలుపులు మూయాలి. మరీ అడిగితే కిటికీలోంచి ఒకే మాట: ఖాళీ చేసి పోయిన్రు. లైసెన్సు వాళ్లకు అదే, ఇంటి లెక్కలు రాసుకునే వాళ్లకు అదే, చిట్టీ వాడికి కూడా అదే. పిల్లలకు ఉగ్గుతో పోశాం ఆ మాట.

ఇంటికి వచ్చి కోడలిని నిలదీశాను. "నన్ను ఏ ఊరికి తోలినవే?"

అది మిషను ఆపలేదు. "నాకేం ఎర్క అత్తమ్మా. కాగితాలు పట్టుకొని ఎవరొచ్చినా గట్లనే చెప్పాలెనని నువ్వే నేర్పితివి. లగ్గమయి వచ్చిన రెండో రోజే చెప్పినవు. ఇంకా అన్నం గూడ పెట్టలే, గది చెప్పినవు."

నిజమే.

ఆఫీసు నుంచి వచ్చేముందు ఆ అంగన్‌వాడీ టీచరే ఒక దారి చెప్పింది. గల్లీవాళ్లు మళ్లీ ఫారాలు నింపి ఇస్తే, గురువారం పదకొండింటికి తాను ఆఖరిసారి వస్తానంది. ఇంట్లో మనిషి కనిపించి, ఉన్నానని చెప్పి సంతకం పెడితే పేరు తిరిగి ఎక్కుతుంది. లేకపోతే లేనట్టే. "మళ్ల నాల్గోసారి తలుపులు కొట్టుడు నాతోని కాదు అవ్వా, నాకూ పిల్లలున్నరు" అంది. ఫారాల కట్ట తీసుకుని వచ్చాను.

ఫారాలు పంచడం సులువు. నింపించడమే కష్టమైంది. మా గల్లీలో కటింగ్ మాస్టర్ ఒకాయన ఉన్నాడు. నాకంటే పదేళ్లు చిన్న, నోరు మాత్రం నాకంటే పెద్దది. గల్లీలో నలుగురూ చేరేది ఆయన బల్ల దగ్గరే. నేను వెళ్లేసరికి ఏదో పార్టీ మీటింగుకు కండువాలు కత్తిరిస్తున్నాడు. ఎన్నికలప్పుడు మా గల్లీకి పండగే. అన్ని పార్టీల కండువాలూ ఒకే బల్ల మీద తెగుతాయి, ఒకే మిషను మీద అంచు కుట్టుకుంటాయి.

"పోతే పోనీ అక్కా" అన్నాడు, కత్తెర ఆపకుండానే. "ఓటు ఉంటే ఏంది, లేకుంటే ఏంది? గా నాయకుడు లేడూ, గాయనకు నేను ఇప్పటికి మూడు రంగుల కండువాలు కుట్టిన. మెడ అదే, పొడుగు అదే. రంగే మారింది. గాయన రంగు మారినప్పుడల్లా నేను లైన్ల నిలబడాల్నా?"

మొదటి ఇంటావిడ, గేటు మీద కత్తెర కొట్టేది ఆమే, గుమ్మంలో నిలబడి అందుకుంది. "నిజమే వదినా. గీ మోరీ సంగతే చూడు. వచ్చినోడల్లా ముక్కు మూసుకొని ఫోటో దిగి పోయిండు. వాన పడ్డదంటే ఇప్పటికీ నా మంచం కాళ్ల కింద ఇటికెలే."

మోరీ సంగతి అబద్ధం కాదు. ఆ మురికికాలువ గల్లీ మధ్యలోంచే పోతుంది. వానాకాలం అది గల్లీని తనలో కలిపేసుకుంటుంది. మిషన్ల కాళ్లు తుప్పు పట్టాయి, కట్టలు తడిసి దుకాణాలు వెనక్కి పంపిన రోజులు ఉన్నాయి. ఎన్నో ఏళ్లు అడిగాం, తిరిగాం, తర్వాత మానేశాం. మానేసి హాయిగా తిట్టుకోవడం మొదలుపెట్టాం. తిట్టడానికి ఆఫీసుకు పోనక్కరలేదు, వాకిట్లో కూర్చుంటే చాలు. నేను కూడా తిట్టాను. సర్కారు మీద నాకేమీ ప్రేమ లేదు, ఇప్పుడూ లేదు.

కానీ ఆ బల్ల దగ్గర నిలబడి ఉండగా నాకొకటి గుర్తుకొచ్చింది. కిందటి వానలకు మోరీ గురించి నేనే సొంతంగా ఒక అర్జీ రాసి మున్సిపల్ ఆఫీసుకు తీసుకుపోయాను. అక్కడి గుమాస్తా ఏదో పెద్ద పుస్తకం తెరిచి, "పెద్దమ్మా, మా రికార్డుల ఆ గల్లీల గోదాములే ఉన్నయి. మనుషులుండే ఇండ్లు లెవ్వు. ముందుగాల ఇండ్లున్న కాడ పనిచేస్తరు" అన్నాడు. నేను ఆయన ఏడు తరాలనూ తిట్టుకుంటూ వచ్చాను. గోదాములట, కళ్లు కనబడవా అని. ఇప్పుడు తెలిసింది. గోదాములు అన్న మాట ఆయన పుట్టించింది కాదు. నా నోట్లోంచి పోయిన మాట అది. ఏ పుస్తకంలోనో ఎక్కి, ఏళ్ల తరబడి తిరిగి, నా ముందుకే వచ్చింది.

ఆ మాటే వాళ్లకు చెప్పాను. "మోరీ ఎందుకు కాలే ఎర్కేనా? లేము లేము అని మనమే చెప్పినం. వాళ్లు నమ్మిన్రు. మన మాట సర్కారు ఇనదంటరు గదా, గిదొక్కటి మాత్రం మంచిగ ఇన్నది."

మాస్టర్ కత్తెర ఆగింది.

మొదటి ఇంటావిడకు భయం పోలేదు. "ఉన్నమని గా టీచరుతోని చెప్తే రేపు కరెంటోడొస్తడు, ఎల్లుండి లైసెన్సోడొస్తడు."

"రానీ. మాట్లాడుదాం. నలుగురం ఉండి మాట్లాడితే ఒగ తీరు, కిటికీలకెల్లి మాట్లాడితే ఒగ తీరు."

"మాట్లాడితే ఇంటరా?" అన్నాడు మాస్టర్.

"ఇంటరో ఇనరో నాకేం ఎర్క? నువ్వు చెప్పు. కొలతలియ్యనీకి రానోనికి నువ్వు అంగీ కుట్టి పంపితే, చేతులు పొట్టిగయినయని వాడు నీతోని పంచాయితీ పెట్టుకుంటడా?"

"పెట్టుకుంటే తంత."

"మరి మనం ఏ మొహం పెట్టుకొని పంచాయితీ పెడుతున్నం?"

ఆయన నవ్వాడు. "అక్కా, నీకు ఆ టీచరమ్మ అక్షరాలు నేర్పి మా కొంప ముంచింది" అన్నాడు. ఫారం తీసుకుని బల్ల మీద పెట్టి, ఎగిరిపోకుండా ఇత్తడి స్కేలు బరువు పెట్టాడు. నింపుతానని అనలేదు, నింపనని అనలేదు. కొందరు నా చేతే నింపించుకున్నారు. కొందరు "చూద్దాం తీ" అన్నారు. ఆ చూద్దాం అంటే ఏమిటో మా గల్లీలో అందరికీ తెలుసు.

గురువారం పొద్దున్నే నేను దుకాణానికి వెళ్లలేదు. చీర మార్చుకుని తొక్కుడు మిషను దగ్గర కూర్చున్నాను. నాది మోటారు లేని పాత మిషను, దాని చప్పుడు గల్లీలో వేరుగా తెలుస్తుంది. చుట్టూ పన్నెండు మోటార్లు గుయ్యిమంటున్నాయి. పదకొండు అవుతుండగా వినబడింది.

టంగు. టంగు. టంగు.

మిషన్లు ఆగిపోయాయి. ఒక దాని తర్వాత ఒకటి కాదు, అన్నీ ఒకేసారి. తలుపులు మూసుకున్న చప్పుడు, గొళ్లేలు పడ్డ చప్పుడు. ఆ తర్వాత మోరీలో నీళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. మా కోడలి చెయ్యి కూడా తనంతట తాను స్విచ్చు మీదికి పోయింది. దాన్ని ఏమీ అనలేదు. అది నేను కట్టిన నిశ్శబ్దమే. అంత బాగా కట్టానని నాకు ఆ రోజే తెలిసింది.

నా కాలు కూడా ఆగింది. అబద్ధం ఎందుకు, ఆగింది. వీధిలో ఆ పిల్ల చెప్పుల చప్పుడు కూడా ఆగింది. ఇంకొక్క నిమిషం చూసి వెళ్లిపోతుంది, నేను లేనట్టే అవుతుంది అనిపించింది. ఇంత కష్టపడి రాయడం నేర్చుకున్న పేరును నా నోటితోనే చెరిపేసుకున్నదాన్ని అవుతాను.

సూది కింద బట్ట కూడా లేదు. తొక్కాను. దడదడదడ అని అది గల్లీ అంతటికీ వినబడేలా మోగింది. ఆపకుండా తొక్కాను.

"ఉన్నవా అవ్వా?" అని గుమ్మంలోంచి గొంతు వచ్చింది.

"ఉన్న. లోపలికి రా. రాసుకో."

నాదీ, కోడలిదీ, కొడుకుదీ రాసుకుంది. సంతకం పెట్టమంది. ప్యాడు తియ్యబోతుంటే ఆమెను ఒక చూపు చూశాను, నవ్వి కలం ఇచ్చింది. తర్వాత పక్క ఇల్లు. తలుపు తీయలేదు. ఆ పక్కది, తీయలేదు. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను, పిలవలేదు. పిలిస్తే వచ్చేవాళ్లు పిలవకపోయినా రావాలి.

మాస్టర్ గది ముందు ఆమె తలుపు తట్టింది. మళ్లీ తట్టింది. తర్వాత మోటారు గుయ్యిమని మొదలైంది. తలుపు తెరుచుకుంది. ఆయన బయటికి రాలేదు. లోపలి నుంచే కేకేశాడు, అందరికీ వినబడాలనే.

"రాయమ్మా, ముగ్గురం ఉన్నం. చూడు, ఓటు ఎయ్యాల్నా వద్దా అనేది నా ఇష్టం. ఎయ్యకపోతే నేను ఎయ్యలేదని రాయి. నేను లేనని రాసుడేంది? ఉన్నోన్ని లేడనెటోళ్లు ఎవలు?"

"నువ్వే అన్నవు మామా, మూడుసార్లు" అంది ఆ పిల్ల.

ఏదో ఇంట్లోంచి కిసుక్కుమని నవ్వు వినిపించింది. ఖాళీ ఇల్లు నవ్వింది అనుకున్నాను. నవ్వాక ఇక దాక్కోవడం కుదరదు కదా, ఆ తలుపు తెరుచుకుంది. ఇంకో మిషను మొదలైంది, ఇంకోటి. మొదటి ఇంటావిడ కత్తెర చేతిలో పట్టుకునే వచ్చింది. "ఏం చెయ్యాలె వదినా, అట్ట కనబడంగనే చెయ్యి దానంతలదే కొట్టింది" అంది. ఆమె చేత కూడా సంతకం పెట్టించాను.

అందరూ రాలేదు. ఐదారు తలుపులు చివరిదాకా మూసే ఉన్నాయి. వాళ్లను నేను తప్పుపట్టను. ఆ తాళం నేను వేసిందే, ఒక్క పూటలో ఎలా ఊడుతుంది?

కొన్నాళ్లకు లిస్టు మళ్లీ అతికించారు. వెళ్లాను. వేలు పెట్టి చదివాను. నా పేరు ఉంది, ముద్ర లేదు. ఆ పేజీ పేజీ అంతా మా గల్లీయే. మాస్టర్ పేరు నా కింద నాలుగో పేరు. ఆయన ఓటు వేస్తాడో లేదో నాకు తెలియదు, అడగలేదు కూడా. అడిగితే పంతానికి మానేస్తాడు.

ఆ పేజీల జిరాక్సు తీయించుకుని, అబిడ్స్‌లో కుట్టిన కట్ట ఇచ్చేసి, కొత్త కట్ట సంచిలో వేసుకుని, మోరీ అర్జీ ఇచ్చిన ఆఫీసుకు నేరుగా వెళ్లాను. అదే గుమాస్తా. కాగితాలు ఆయన పెద్ద పుస్తకం మీద పెట్టాను.

"గివి గోదాములు కావు సార్. గోదాములకు ఓట్లుండయి. చదువు. గీమె నేను."

ఆయన నిజంగానే చదివాడు. నా పేరు చూసి నన్ను చూశాడు. పేజీ తిప్పాడు, మళ్లీ తిప్పాడు. "ఇంతమంది ఉన్నరా గాడ?" అన్నాడు.

"ఉన్నం. మొన్నటిదాంక లేమని చెప్పినం. అది మా తప్పు. ఇగ మోరీ మీ తప్పు."

ఆయనకు నవ్వు వచ్చిందో కోపం వచ్చిందో తెలియలేదు. "పెద్దసారు బయటికి పోయిండు పెద్దమ్మా. రేపు రాండ్రి" అన్నాడు.

ఇంతకుముందైతే ఆ మాట విని ఇంటికి వచ్చి, వాకిట్లో కూర్చుని తిట్టేదాన్ని.

"రేపటిదాంక ఎందుకు సార్? పెద్దసారు వచ్చేదాంక కూసుంట. నాకేం తొందర లేదు" అన్నాను.

కిటికీ పక్కన వెలుతురు బాగున్న బెంచీ చూసుకుని కూర్చున్నాను. సంచిలోంచి తెల్ల చొక్కా ఒకటి తీశాను. సూదికి దారం ఎక్కించి, మెడ దగ్గర కాజా మొదలుపెట్టాను. చొక్కాకు ఏడు కాజాలు. నా సంచిలో ఇంకా పదకొండు చొక్కాలు ఉన్నాయి.